రెండో ఊపిరి

అరచేతిలో పట్టే కంప్యూటర్ బోర్డు మీద డిజిటల్ టీవీ ట్యూనర్‌ను ఆనించి, పిన్నులు సరిగా కూర్చున్నాయో లేదో వేలితో తడిమి చూసి, నాలుగు మూలలా మరలు బిగించింది కుముదిని. డైనింగ్ టేబుల్‌కి అవతల ముకుందం కట్టు వేసిన కాలును ఇంకో కుర్చీ మీద చాపుకొని, స్కూలు వాళ్ళు ఇంటికి పంపిన సామాన్యశాస్త్రం జవాబు పత్రాలు దిద్దుతున్నాడు. స్కూటర్ మీంచి పడి కాలు విరిగినప్పటి నుంచీ ఆ రెండు కుర్చీలే అతని కాపురం.

"ఇప్పుడు దీంట్లో టీవీ వస్తుందా?" అన్నాడు తల ఎత్తకుండానే.

"వస్తుంది. కానీ మనం చూసేది టీవీని కాదు, మనల్ని."

యాంటెన్నాను కిటికీ ఊచకు కట్టి, దాని తీగ తెచ్చి ట్యూనర్‌కు తగిలించింది. ల్యాప్‌టాప్ తెర మీద మొదట అంతా గజిబిజిగా కనిపించింది. ఆమె ఏవో అంకెలు మార్చింది. ఆ గజిబిజిలోంచి సన్నటి గీతలు రెండు విడివడి, ఒకటి మెల్లగా, ఒకటి కాస్త తొందరగా పైకీ కిందికీ కదలసాగాయి.

"ఊపిరి బిగబట్టండి," అంది.

అతను బుగ్గలు పూరించి బిగబట్టాడు. మెల్లగా కదులుతున్న గీత చదునైపోయింది. వదలగానే ఎగిరిపడి మళ్ళీ తన దారిన పడింది.

"అది నేనా?"

"మీరే. కొండ మీది టవర్ నుంచి టీవీ తరంగాలు ఎప్పుడూ గోడల్లోంచి వచ్చిపోతూనే ఉంటాయి. మీకు తగిలినవి కొన్ని పక్కకి తిరిగి ఈ తీగకి చేరతాయి. ఛాతీ పొంగితే ఒకలా, తగ్గితే ఒకలా. ట్యూనర్ వాటిని పడుతుంది, కింది బోర్డు లెక్క కడుతుంది. మీ ఒంటికి ఏదీ తగిలించక్కర్లేదు. పక్కగదిలో ఉన్నా సరే."

ముకుందం కలం మూత పెట్టాడు. కాసేపు ఆ గీతల వంకే చూశాడు.

"ఇదంతా మీ ల్యాబు వాళ్ళకి కనిపిస్తుందా?"

"లేదండీ. ఇది కొత్త రకం ట్యూనర్, పరీక్షించడానికి తెచ్చాను. ల్యాబు సర్వర్‌తో ఇంకా కలపలేదు. ఇక్కడిది ఇక్కడే ఉంటుంది."

ఆ చివరి మాట పూర్తిగా నిజం కాదు. ఆఫీసులో తన బల్ల దగ్గర కూర్చుని తాను చూసుకోవచ్చు. ఆ సంగతి చెప్పాలని ఆమెకు తోచలేదు. అతను ఎందుకు అడిగాడని కూడా తోచలేదు.

ఆ యంత్రానికి ఊపిరి పెట్టె అని పేరు పెట్టినవారు ల్యాబు పెద్ద వేదాచలం గారు. రుషికొండ వైపు, సముద్రం కనిపించే అద్దాల మేడలో వాళ్ళ ల్యాబు. విశాఖపట్నంలో చాలా ఇళ్ళల్లో ఆ పెట్టెలు ప్రయోగానికి పెట్టారు. ఇంట్లో ప్రతి మనిషీ దాని ఎదుట కాసేపు కూర్చుని నమోదు చేయించుకోవాలి. ఊపిరి తీసే తీరు, గుండె కొట్టుకునే తీరు, నడిచే తీరు కలిపితే వేలిముద్ర లాంటి ముద్ర ఒకటి తయారవుతుంది. పెదవాల్తేరులో ఒక పసివాడికి నిద్రలో ఊపిరి ఆగితే పెట్టె కూత పెట్టి తల్లిని లేపింది. మతిమరుపుతో ఇంట్లోంచి వెళ్ళిపోయిన పెద్దాయన ఒకరు గోపాలపట్నంలో ఎవరి వరండాలోనో కూర్చుంటే ఆ ఇంటి పెట్టె గుర్తుపట్టింది. పత్రికల్లో ఫోటోలు పడ్డాయి. ఆ తర్వాత బస్టాండులోనూ రైల్వేస్టేషన్లోనూ కూడా పెట్టెలు పెట్టారు.

తప్పిపోయినవాళ్ళ కోసం నియమం ఒకటి కావాలంటే కుముదినే రాసింది. ఫిర్యాదు అందగానే ఆ మనిషి ముద్ర కోసం సర్వర్‌తో కలిసిన ప్రతి పెట్టే వెతుకుతుంది. కనిపించగానే ఇంటిపెద్ద ఫోనుకు చిరునామా వెళ్తుంది. ఇంటిపెద్ద "దొరికారు" అని నొక్కేదాకా వెతుకులాట ఆగదు. ఇంటిపెద్ద ఒప్పుకోనిదే ముద్ర చెరపడానికి వీల్లేదు. ఆ పెద్దాయన కోడలు ఏడ్చిన ఏడుపు చూసి రాసిన నియమం అది.

అలా ఫిర్యాదు ఇచ్చినవాళ్ళల్లో ఢిల్లేశ్వరరావు ఒకడు. గాజువాకలో ఇల్లు, అనకాపల్లి దగ్గర రాళ్ళ క్రషర్. ప్రయోగంలో చేరిన మొదటి రోజుల్లోనే గదికో పెట్టె కావాలని అడిగాడు.

"మా ఆడమనిసికి ఆయాసం మేడమ్. నాను పన్లో ఉన్నా మనసంతా ఇంటికాడే ఉంటాది. ఫోన్లో దాని ఊపిరి సూసుకుంటే గానీ అన్నం దిగదు నాకు," అన్నాడు. భార్య మీద అంత ప్రేమ ఉన్న మనిషి అని ల్యాబులో అందరూ చెప్పుకున్నారు. ఇటీవల ఆ భార్య నీలవేణి కనిపించకుండా పోయిందని వచ్చి, కుముదిని ఎదుట కళ్ళు తుడుచుకున్నాడు. ఫిర్యాదు ఆమే స్వయంగా సర్వర్‌లోకి ఎక్కించింది. వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగి, "దొరికినప్పుడు పక్కన ఇంకెవడి ఊపిరైనా ఉంటే అది కూడా కనపడతాదా మేడమ్?" అని అడిగాడు. ఆ ప్రశ్న కొంచెం ఎబ్బెట్టుగా తోచింది గానీ, దుఃఖంలో ఉన్న మనిషి కదా అని ఊరుకుంది.

ఇంట్లో ట్యూనర్ పెట్టిన మర్నాడు, మధ్యాహ్నం భోజనం డబ్బా మూత తీస్తూ కుముదిని తన తెర మీద ఇంటి గీతలు చూసింది. ఒక్క గీత ఉండాలి. రెండు ఉన్నాయి.

ముందు యంత్రాన్నే అనుమానించింది. ఒకే తరంగం రెండు గోడలకు తగిలి వస్తే ఒకే మనిషి ఇద్దరిలా కనిపించడం మామూలే. సాయంత్రం ఇంటికి వెళ్ళి యాంటెన్నాను ఇంకో కిటికీకి మార్చింది. మర్నాడు మళ్ళీ రెండు గీతలు. తీగ మార్చింది, ట్యూనర్ తీసేసి అలాంటిదే ఇంకోటి బిగించింది. ఆమె ఇంట్లో ఉన్నంతసేపూ లెక్క సరిగ్గా ఉంటుంది. ఆమె లిఫ్టు దిగి వెళ్ళిన కాసేపటికి రెండో గీత మొదలవుతుంది. తిరిగి వచ్చే వేళకు మాయమవుతుంది.

పైగా ఆ గీత మనిషి ఊపిరిలా లేదు. మనిషి ఊపిరి నిద్రలో కూడా ఒక్కలా ఉండదు. నిట్టూర్పులుంటాయి, తడబాట్లుంటాయి. ఇది మాత్రం గడియారం లోలకంలా సమంగా, అచ్చు గుద్దినట్టు నడుస్తోంది. ఫ్రిజ్ మోటారేమో అనుకుంది. కానీ ఫ్రిజ్ వంటింట్లోంచి హాల్లోకి నడిచి రాదు. బోర్డుకు ఇంకో ట్యూనర్ కలిపితే గీత ఎక్కడుందో తెలిసింది. వంటింట్లో కాసేపు తిరిగి, హాల్లోకి వచ్చి, ముకుందం కుర్చీ పక్కన ఆగింది. మధ్యాహ్నమంతా అక్కడే ఉంది.

ఆ రోజు కుముదిని డబ్బాలో అన్నం అలాగే ఉండిపోయింది.

ఇంట్లో చిన్న చిన్న విషయాలు కంట్లో పడసాగాయి. స్టాండులో రెండు కాఫీ గ్లాసులు తడిగా ఉండేవి. పెరుగు గిన్నె తొందరగా ఖాళీ అయ్యేది. ఒకరోజు బీన్స్ కూర కంచంలో వేసుకొని, ముక్కలు చూసి ఆగిపోయింది. పెసరగింజ కంటే సన్నగా తరిగి ఉన్నాయి.

"ఇవెవరు తరిగారు?"

"నేనే. ఖాళీగా కూర్చుంటే ఏం తోచక," అన్నాడు ముకుందం.

పెళ్ళయినప్పటి నుంచీ అతను ఉల్లిపాయ తరిగి ఎరగడు. ఆమె ఇంకేమీ అడగలేదు. అడిగితే అబద్ధం చెబుతాడు. ఆ అబద్ధం విన్నాక తాను ఏం చేయాలో తెలియదు. అడగకుండా తెర చూడటం సులువుగా ఉంది. మీటింగుల్లో కూర్చుని కూడా ఫోను బల్ల కింద పెట్టుకొని చూసేది. ఆ రెండు గీతలు దగ్గరగా ఉంటే మీటింగులో ఎవరేం అన్నారో వినిపించేది కాదు. దూరంగా ఉంటే, గొడవ పడ్డారేమో, అంత చనువుందా అనిపించేది.

ఒక మధ్యాహ్నం తలనొప్పని చెప్పి ముందే ఇంటికి బయల్దేరింది. ఎండాడలో వాళ్ళ అపార్ట్‌మెంట్. బెల్లు కొట్టకుండా తన తాళంచెవితో తలుపు తీసింది. హాల్లో ముకుందం ఒక్కడే, చంకకర్ర ఆనించుకొని నిలబడి ఉన్నాడు. నుదుటి మీద చెమట. వంటింటి వెనక తలుపు గడియ వేసి లేదు.

"ఇంత తొందరగా వచ్చావేం?"

"రాకూడదా?"

"అలా అన్నానా?"

"వెనక తలుపు ఎందుకు తీసుంది?"

"గాలి కోసం తీశాను."

బయట మెట్ల మీద ఎవరో పైకి వెళ్తున్న చప్పుడు సన్నగా వినిపించింది. పైఫ్లాటు వాళ్ళు భిలాయి వెళ్ళి చాలా రోజులైంది. ఆ ఫ్లాటు తాళాలు ముకుందం దగ్గరే ఉన్నాయని ఆమెకు గుర్తొచ్చింది. కానీ ఆ మెట్లు ఎక్కి వెళ్ళి చూసే ధైర్యం రాలేదు. వెళ్ళి తలుపు తట్టి, తీసిన మనిషి ముఖం చూడటం కంటే, ఆ మనిషి ఎవరో యంత్రం చెబితే వినడం నయమనిపించింది.

మర్నాడు ఉదయం ల్యాబుకు వెళ్ళగానే ఆ పనే చేసింది. ఊళ్ళో ఇంతమంది ముద్రలు సర్వర్‌లో ఉన్నాయి. వాటిలో ఉంటే పేరు తెలుస్తుంది. ఇంటి పెట్టెను సర్వర్‌తో కలిపి, రెండో గీత మీద వేలు పెట్టి "పోల్చు" అని నొక్కింది. కళ్ళ ముందు గుండ్రం ఒకటి తిరిగింది. స్కూల్లో పనిచేసే టీచర్ల ముఖాలు వరసగా మెదిలాయి.

నీలవేణి. గాజువాక. ఇంటిపెద్ద ఢిల్లేశ్వరరావు.

కుముదినికి ఒక్క క్షణం ఒళ్ళంతా వేడెక్కింది. ఆ ఏడ్చిన మనిషి భార్య! తన ఇంట్లో, తన మొగుడి పక్కన! ఆ వేడిలో కింది వరస ఆలస్యంగా చదివింది. "ఇంటిపెద్దకు సందేశం వెళ్ళింది."

వెళ్ళనీ, అనుకుంది. వచ్చి తీసుకుపోతాడు. ఫోను తీసి ముకుందానికి చేసింది.

"నీలవేణి మనింట్లో ఏం చేస్తోందండీ?"

అటు నుంచి అతని గొంతు, ఆమె ఎప్పుడూ వినని గొంతు. "నీకెలా తెలిసింది? ఎవరికైనా చెప్పావా?"

"వాళ్ళాయనకి సందేశం వెళ్ళింది."

"కుముదా!" అని మాత్రం అనగలిగాడు. తర్వాత గబగబా చెప్పాడు. నీలవేణి చోడవరంలో తన దగ్గర చదువుకున్న పిల్ల. ఆ ఇంట్లో గదికో పెట్టె ఉంది. ఊపిరి కాస్త వేగంగా తీస్తే క్రషర్ నుంచి కారేసుకొని వచ్చేవాడు. ఎవరొచ్చారు, ఎవరిని తలచుకున్నావు, కిటికీ దగ్గర అంతసేపు ఎందుకు నిలబడ్డావు అని అడిగి కొట్టేవాడు. ఏడిస్తే ఊపిరి మారుతుంది కాబట్టి ఏడవకుండా ఉండటం నేర్చుకుంది. నొప్పి పుట్టినా భయమేసినా ఒక్కలా ఊపిరి తీయడం నేర్చుకుంది. తనవాళ్ళల్లో పోయినవాళ్ళు పోగా ఆమెకు గుర్తున్న ఒకే ఒక్క చిరునామా మాస్టారిది. బస్టాండులో పెట్టె, స్టేషన్లో పెట్టె. ఊరు దాటే దారి లేక పైఫ్లాటులో ఉంది. అక్కడ నీళ్ళు రావు, కరెంటు లేదు. పగలు కిందికి వచ్చి తింటోంది.

"నాకెందుకు చెప్పలేదు?"

"నీకు చెబితే నీ పెట్టెకి చెప్పినట్టే అనుకున్నాను."

ఫోను చేతులు మారిన చప్పుడైంది. ఒక ఆడగొంతు, ఏ తొందరా లేకుండా అడిగింది.

"మేడమ్, మీరే వెతికేరా?"

"అవును," అంది కుముదిని.

"ఎంతసేపట్లో వస్తాడు?"

ఆ గొంతులోని ఆ నెమ్మదిని కుముదిని ఇంతకుముందే చూసింది. తెర మీద లోలకంలా నడిచిన ఆ గీత, యంత్రం తప్పనుకున్న గీత, ఈ మనిషి భయం.

"అనకాపల్లి నుంచి రావాలి. నీలవేణీ, విను. నువ్వు బయటికి వెళ్ళు, కానీ నేను మళ్ళీ ఫోను చేశాకే వెళ్ళు. ఏవండీ, ఎవరినైనా బండి తెమ్మని చెప్పండి."

ఫోను పెట్టేసి తెర వైపు తిరిగింది. ఇప్పుడు ఇంటి పెట్టె తీగ పీకేసినా ప్రయోజనం లేదు. చివరిసారి కనిపించిన చోటు అతని ఫోనులో ఉంది. నీలవేణి ఏ దారిన వెళ్ళినా పెట్టెలు పట్టిస్తాయి. ముద్ర చెరపడానికి ఢిల్లేశ్వరరావు ఒప్పుకోవాలి. తాను రాసిన నియమం అటువైపూ ఇటువైపూ గోడలా నిలబడింది.

కానీ చెరపడానికి వీల్లేకపోయినా మళ్ళీ నమోదు చేయవచ్చు. జబ్బు చేసినా గర్భం వచ్చినా ఊపిరి తీరు మారుతుంది కాబట్టి, పాత ముద్ర స్థానంలో కొత్త ముద్ర ఎక్కించే వీలు పెట్టారు. దానికి ఇంజనీరు చాలు. కుముదిని నీలవేణి పేరు తెరిచింది. ల్యాబు పెట్టె ముందు కుర్చీ లాక్కుని కూర్చుంది. నడవమంటే నడిచింది. కూర్చోమంటే కూర్చుంది. గుండె దడదడలాడుతోంది, ఊపిరి ఎగసిపడుతోంది. అలాగే నమోదయింది.

"నీలవేణి ముద్ర మార్చబడింది," అంది తెర. ఆ వెంటనే ఇంకో వరస పడింది. "నీలవేణి కనిపించింది. చిరునామా: ప్రయోగశాల, రుషికొండ. ఇంటిపెద్దకు సందేశం వెళ్ళింది."

"ఇప్పుడు వెళ్ళమనండి," అని ముకుందానికి చెప్పి, ఆమె తన బల్ల దగ్గర కూర్చుంది. ఇక చేయగలిగింది ఏమీ లేదు. అతను ఎండాడకే వెళ్తాడో, దారి మార్చుకొని ఇటు వస్తాడో తెలియదు.

ఇటే వచ్చాడు. కాపలా మనిషి ఆపబోతే పక్కకు నెట్టి, ఫోను చేతిలో దీపంలా పట్టుకొని లోపలికి వచ్చాడు. అలికిడి విని వేదాచలం గారు తన గదిలోంచి బయటికి వచ్చారు.

"ఇక్కడే ఉందంటంది. ఎక్కడ దాచినారు?"

ఫోను చూపిస్తున్న దారినే బల్లల మధ్య నడుచుకుంటూ వచ్చి, కుముదిని ఎదుట ఆగాడు. ఫోను వంకా ఆమె వంకా చూశాడు. ఆమె లేచి కిటికీ దగ్గరికి నడిచింది. అతని ఫోనులో చుక్క కూడా కిటికీ దగ్గరికి నడిచింది.

"ఏటిది?"

"యంత్రం పొరబడింది," అంది కుముదిని. "మీ ఆవిడ అనుకున్నది నన్నే. ఉదయం ఎండాడలో చూపించింది మా ఇల్లు. అక్కడ కనిపించిందీ నేనే."

"గదికోటి పెట్టించినాను. ఏనాడూ పొరబడనేదు."

"ఇంట్లో ముగ్గురో నలుగురో ఉన్నప్పుడు పొరబడదు. ఊరందరిలో ఒక మనిషిని గుర్తుపట్టడం దీనివల్ల కాదు. ఊపిరికీ ఊపిరికీ తేడా కనిపెట్టలేదు ఇది." ఆ మాటలు తన నోటితో అంటుంటే, ఇన్నేళ్ళూ ఆ తేడా కనిపెట్టడానికే తాను గడిపిన రోజులన్నీ ఎవరో చింపి పారేస్తున్నట్టనిపించింది. అయినా ఆపలేదు. "నేను చేసిన యంత్రమే. నేనే చెబుతున్నాను. దీన్ని నమ్మకండి."

వేదాచలం గారు వంగి ఆమె తెర చూశారు. "ముద్ర మార్చబడింది" అన్న వరస ఇంకా అక్కడే ఉంది. ఆయన దాన్ని చదివినట్టు ఆమెకు తెలిసింది. ఆయన నిటారుగా నిలబడి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"పొరపాటే జరిగినట్టుంది," అన్నారు.

ఢిల్లేశ్వరరావు ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూశాడు. "నాకు నమ్మకం నేదు. మీ ఇల్లు సూపించండి," అన్నాడు.

కాదంటే అనుమానం గట్టిపడుతుంది. నీలవేణి వెళ్ళిపోయిందో లేదో ఆమెకు తెలియదు. అతని ఎదుట ఫోను చేసి అడగలేదు. "రండి," అని ముందు నడిచింది. ల్యాబు కారులో దారి పొడుగునా అతను ఫోనే చూస్తూ కూర్చున్నాడు. దారిలో ఇళ్ళ పెట్టెలు గుర్తుపడుతున్నకొద్దీ నీలవేణి అన్న చుక్క కారుతో పాటే కదులుతోంది.

ముకుందం తలుపు తీశాడు. ముఖంలో ఏమీ లేదు. ఢిల్లేశ్వరరావు పడకగది చూశాడు, స్నానాలగది చూశాడు, బాల్కనీలో ఆరేసిన బట్టలు ఒక్కొక్కటే పక్కకు తీసి చూశాడు. చివరికి వంటింట్లోకి వెళ్ళి నిలబడిపోయాడు. గట్టు మీద పళ్ళెంలో సగం తరిగిన బీన్స్, పక్కన కత్తి. పెసరగింజ కంటే సన్నటి ముక్కలు.

"ఇవి ఎవలు తరిగినారు?"

"నేనే," అంటూ ముకుందం చంకకర్ర మీద కుంటుకుంటూ వచ్చాడు. కర్ర గోడకు ఆనించి, స్టూలు మీద కూర్చుని, పళ్ళెం ఒళ్ళో పెట్టుకున్నాడు. నాలుగు కాయలు కలిపి పట్టుకొని, కత్తి మొన కదలకుండా పిడి వైపు మాత్రం ఆడిస్తూ తరగడం మొదలుపెట్టాడు. ముక్కలు అంతే సన్నగా, అంతే సమంగా రాలాయి. "కాలు విరిగి ఇంట్లో పడున్నాను. ఇదే పని."

ఢిల్లేశ్వరరావు ఆ చేతుల వంక చాలాసేపు చూశాడు. తర్వాత ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు.

కుముదిని వంటింటి గుమ్మానికి ఆనుకొని అలాగే నిలబడింది. మధ్యాహ్నాలంతా ఆ రెండు గీతలూ పక్కపక్కన కూర్చుని చేసిన పని అదన్నమాట. తిన్న అన్నానికి బదులుగా ఆ పిల్ల మాస్టారికి నేర్పగలిగింది అదొక్కటే కాబోలు.

"వెళ్ళిందా?" అని అడిగింది.

"మా డ్రిల్లు మాస్టారు బండి మీద బస్టాండుకి తీసుకెళ్ళాడు," అన్నాడు ముకుందం. కత్తి ఆపలేదు.

మర్నాడు వేదాచలం గారు ఆమెను గదిలోకి పిలిచి తలుపు వేశారు.

"పెట్టె తప్పు చేయలేదు. మీరు చేశారు."

"అవును సార్."

"అతను ఎలాంటివాడో ఆ రాక చూస్తేనే తెలిసింది. అతని ఎదుట నేను నోరు విప్పితే, పెళ్ళాన్ని కొట్టేవాడికి గదికో పెట్టె ఇచ్చింది మనమేనని కోర్టులో చెప్పుకోవాల్సి వస్తుంది. అందుకే ఊరుకున్నాను. మీ కోసం కాదు." ఆయన కిటికీలోంచి సముద్రం వైపు చూస్తూ అన్నారు. "అతను పత్రికలవాళ్ళ దగ్గరికి వెళ్ళాడు. మీ మాటే వాళ్ళకి చెప్పాడు, తయారుచేసిన ఇంజనీరే నమ్మవద్దంటోందని. ఇక ఈ యంత్రం లేదు. మీరూ ఇక్కడ లేరు."

పెట్టెలన్నీ వెనక్కి తెప్పించారు. సర్వర్ ఆపేశారు. ఆ వారంలోనే పెదవాల్తేరు పసివాడి తల్లి ఫోను చేసింది. "మేడమ్, పేపర్లో ఏదో రాశారు. మా బాబు ఊపిరి ఆగితే కూడా తప్పు చెబుతుందా అది?"

"చెప్పదమ్మా. ఊపిరి ఆగితే ఆగిందనే చెబుతుంది. ఎవరిదన్నదే..." అని ఆగిపోయింది.

"మరి ఎందుకు తీసుకుపోతున్నారు? నేను ఇవ్వనని చెప్పాను. అయినా తీసుకుపోయారు. ఇప్పుడు వాడి పక్కనే కూర్చుని చూస్తున్నాను. రెప్ప వేయాలంటే భయంగా ఉంది మేడమ్."

ఆమె ఏమందో, తాను ఏం జవాబు చెప్పిందో కుముదినికి తర్వాత గుర్తులేదు. ఆ రోజంతా బాల్కనీలో కూర్చుంది.

ఒక సాయంత్రం ముకుందానికి ఫోను వచ్చింది. అతను లేచి పడకగదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకొని మాట్లాడి వచ్చాడు.

"చేరింది," అన్నాడు.

"ఎక్కడికి?"

అతను ఆమె వంక చూశాడు. కోపంగా కాదు. చెప్పాలా వద్దా అని ఆలోచిస్తున్నవాడిలా చూశాడు. "క్షేమంగా ఉంది," అని మాత్రం అన్నాడు.

ఆమె లేచి, కిటికీ ఊచకు కట్టిన యాంటెన్నా విప్పింది. బోర్డు మీది మరలు తీసి, రెండు ట్యూనర్లూ ఊడదీసి అట్టపెట్టెలో వేసింది. తీగ చుట్ట చుడుతుండగా ముకుందం అడిగాడు.

"ఇంకోటి ఎక్కడా లేదుగా?"

"లేదండీ."

అతను తల ఊపాడు. తర్వాత చంకకర్ర అందుకొని, బీరువా పక్కకు వెళ్ళి, గోడకూ బీరువాకూ మధ్య సందులోకి వంగి చూడబోయాడు. కట్టు వేసిన కాలు వంగలేదు. లోపల చీకటిగా ఉంది. టీవీ వెనక చూశాడు, పుస్తకాల అర పైన చేత్తో తడిమాడు, మళ్ళీ బీరువా దగ్గరికే వచ్చాడు.

కుముదిని ఫోనులో టార్చి వెలిగించి, అతని పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, ఆ సందులోకి వెలుగు పట్టుకుంది.